ఫైబర్ మోల్డ్‌కి చెక్క ప్లగ్: నేను చేసే పద్ధతి

వడ్రంగి పని చేతికొచ్చాకే నేను ఫైబర్ పనిలోకి, అంటే గాజు నారని రెజిన్ అనే గట్టిపడే ద్రవంతో కలిపి వస్తువులు చేసే పనిలోకి, వచ్చాను. అందుకే మొదటి ప్లగ్, అంటే మోల్డ్ తీయడానికి చెక్కతో చేసే నమూనా, చేసినప్పుడు నాకు ఏ భయమూ లేదు. పలకలు అతికించి, చిత్రిక పట్టి, సాండ్ పేపర్ కొట్టి, రంగు వేసి అద్దంలా తయారుచేశాను. దాని మీద మోల్డ్ తీశాను. మోల్డ్ విప్పి వెలుతురులో పెట్టి చూస్తే లోపల నిలువునా ఏడు సన్నటి గీతలు. వేలు పెట్టి రాస్తే తగలవు, ఏటవాలుగా చూస్తే మాత్రం ఒక్కటీ దాగదు. అన్నీ నేను పలకలు అతికించిన చోట్లే. తెల్ల జిగురుతో అతికించాను. రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టిన వేడికి ఆ జిగురు మెత్తబడింది, పలకలు వెంట్రుకవాసి కదిలాయి. ఆ కాస్త కదలికనీ జెల్‌కోట్ (అన్నిటికన్నా ముందు వేసే నున్నటి రెజిన్ పూత) పట్టేసుకుంది. ఆ గీతలు పోగొట్టడానికి మోల్డ్ లోపల రెండు రోజులు వాటర్ పేపర్ కొట్టాను.

చెక్క తేమ పీలుస్తుంది, వదులుతుంది, ఉబ్బుతుంది, కుంగుతుంది. బల్లకీ తలుపుకీ ఆ మాత్రం కదలిక ఉన్నా పర్వాలేదు. ప్లగ్‌కి కుదరదు. కావలసిన రూపం చెక్కడం ప్లగ్ పనిలో సగమే. చెక్కిన చెక్కని ఇక కదలకుండా, పీల్చకుండా, జాడ చూపించకుండా చేయడం మిగతా సగం. ఇక్కడ రాస్తున్నదంతా ఎక్కువగా ఆ రెండో సగం గురించే, ఎందుకంటే మొదటి సగం చేతిలో ఉలి ఉన్న ఎవరికైనా వచ్చేస్తుంది.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. మనకి కావలసిన వస్తువు బయటి రూపాన్ని అచ్చంగా చెక్కతో చేస్తే అది ప్లగ్. దాని మీద జెల్‌కోట్, గ్లాస్ మ్యాట్ (గాజు నారతో చేసిన చాప), రెజిన్ వేసి తీసే డొప్ప మోల్డ్. ఆ మోల్డ్ లోపల మళ్ళీ జెల్‌కోట్, మ్యాట్ వేసి తీస్తే అసలు వస్తువు. అంటే ప్లగ్ మీద ఒక గీత ఉంటే అది మోల్డ్‌లో పడుతుంది, ఆ మోల్డ్‌లోంచి వచ్చే ప్రతి పీసు మీదా పడుతుంది. ప్లగ్ మీద ఒక గంట ఎక్కువ కూర్చుంటే, తర్వాత తీసే ప్రతి పీసు మీదా కొంత పని తగ్గుతుంది.

ఉదాహరణకి బైక్ సీటు వెనక బిగించే తొడుగు, అంటే కౌల్, తీసుకుంటాను. దాదాపు 480 మి.మీ. పొడవు, 258 మి.మీ. వెడల్పు. వెనక్కి వెళ్ళేకొద్దీ పైకి లేచి సన్నబడుతుంది, కింద వైపు తెరిచి ఉంటుంది.

గీత గీసే ముందు

చెక్క కోయకముందే చూసుకోవాల్సింది వాలు. బకెట్‌లో బకెట్ దూర్చితే సులువుగా బయటికి వస్తుంది, గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి. గోడలు నిట్టనిలువుగా ఉన్న రెండు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి చూడండి, గాలి పట్టేసి కదలవు. ప్లగ్ పక్కలకి కనీసం 2 నుంచి 3 డిగ్రీల వాలు ఇవ్వండి. 100 మి.మీ. ఎత్తుకి 4, 5 మి.మీ. లోపలికి వంగితే చాలు. లోతు ఎక్కువైతే ఇంకాస్త ఇవ్వండి. ఎక్కడైనా గోడ కింద లోపలికి తిరిగితే దాన్ని అండర్‌కట్ అంటాం. అది ఒక్కచోట ఉన్నా మోల్డ్ ఊడదు. తప్పనిసరిగా కావాలంటే మోల్డ్‌ని రెండు ముక్కలుగా తీయాలి. మొదటిసారి చేసేవాళ్ళు ఆ జోలికి పోకండి, డిజైన్ మార్చుకోండి.

రెండోది మూలలు. గ్లాస్ మ్యాట్ కత్తిలాంటి అంచు మీద వంగదు. లేచి నిలబడుతుంది, కింద గాలి మిగులుతుంది, కొన్నాళ్ళకి అక్కడ జెల్‌కోట్ గుడ్డు పెంకులా పెచ్చు ఊడుతుంది. అంచులన్నీ 5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయండి, ఎంత తక్కువనుకున్నా 3 మి.మీ.కి దిగకండి.

మూడోది కొలత. ప్లగ్ బయటి కొలతే వస్తువు బయటి కొలత అవుతుంది. మందం లోపలికి పోతుంది. కౌల్ 3 మి.మీ. మందం అనుకుంటే లోపలి వెడల్పు 6 మి.మీ. తగ్గుతుంది. ఫ్రేమ్ గొట్టాల మీద కూర్చోవాల్సిన వస్తువైతే ఈ లెక్క ముందే వేసుకోండి. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కూడా. ఈ పొడవుకి ఒకటి రెండు మి.మీ. తేడా రావచ్చు. బిగించే చోట ఆ మాత్రం ఖాళీ ఉంచుకుంటే సరిపోతుంది.

నాలుగోది, ప్లగ్‌ని వస్తువు అంచు దగ్గరే ఆపేయకండి. కింద ఇంకో 20, 25 మి.మీ. పొడిగించండి. పీసు తీశాక అంచు కోసుకోవాలి కదా, ఆ కోత పడే జాగా అది.

చెక్క ఎంపిక, మధ్య గీత

ఇప్పుడు నేను ప్లగ్‌కి గట్టి చెక్క, అంటే చెట్టు మాను నుంచి కోసిన పలక, వాడను. 18 మి.మీ. ఎండీఎఫ్, అంటే చెక్కని సన్నగా నలిపి జిగురుతో నొక్కి చేసిన పలక, వాడతాను. దానికి నార లేదు, ముడులు లేవు, ఏ వైపు చిత్రిక పట్టినా పేడు లేవదు. అన్నిటికన్నా ముఖ్యంగా అడ్డంగా ఒకలా, పొడవునా ఒకలా కదలదు. గట్టి చెక్కే వాడాలనుకుంటే బాగా ఆరినది, తేమ 12 శాతం లోపు ఉన్నది చూసుకోండి. ఒకే ప్లగ్‌లో రెండు రకాల చెక్క మాత్రం కలపకండి. అవి చెరో రకంగా కదులుతాయి, అతుకు దగ్గర మెట్టు తేలుతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. రెండు పక్కలూ ఒకేలా ఉండాల్సిన వస్తువుకి మధ్య గీతే ఆధారం. పైన పెన్సిల్‌తో గీస్తే రెండు నిమిషాల్లో సాండ్ పేపర్‌కి పోతుంది. అందుకని ఆ గీతని చెక్క లోపలే పెట్టేస్తాను. కౌల్‌ని పక్కనుంచి చూస్తే కనిపించే రూపాన్ని 6 మి.మీ. ఎండీఎఫ్ పలకలో కోసి నిలబెడతాను. దానికి అటు ఏడు, ఇటు ఏడు పొరలు 18 మి.మీ. పలకలు అతికిస్తాను. పద్నాలుగు పొరలు కలిపి 252, మధ్య పలక 6, మొత్తం 258. జిగురులో కాస్త నల్ల రంగు పొడి కలుపుతాను. ఎంత చెక్కినా, ఎంత రుద్దినా మధ్య పలకకి రెండు వైపులా రెండు నల్ల గీతలు కనిపిస్తూనే ఉంటాయి.

మిగతా అతుకులు కూడా పనికొస్తాయి. చెక్కుతూ పోతుంటే ఒక్కో పొర జిగురు ఒక్కో నల్ల వంపుగా తేలుతుంది, మ్యాపులో కొండ ఎత్తులు చూపించే గీతల్లాగా. కుడివైపు మూడో గీత ఎంత వంగిందో ఎడమవైపు మూడో గీతా అంతే వంగాలి. ఎక్కడైనా గీత ఉన్నట్టుండి బయటికో లోపలికో తన్నిందంటే అక్కడ ఎత్తుపల్లం ఉందని అర్థం. ఏ స్కేలూ చెప్పలేనంత స్పష్టంగా ఆ గీతలు చెప్తాయి.

జిగురుగా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రకం) వాడండి. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి, ఎండీఎఫ్ వాటిని పీల్చి ఉబ్బుతుంది. పైగా వేడికి మెత్తబడుతుందని మొదట్లోనే చెప్పాను. పొరలు బిగించడానికి స్క్రూలు వాడితే జిగురు గట్టిపడ్డాక అన్నీ తీసేయండి. పై మూడు సెంటీమీటర్ల లోతులో ఒక్క మేకు కూడా ఉండకూడదు. ఉంటే చిత్రిక బ్లేడు పాడవుతుంది, తర్వాత అదే చోట మచ్చ తేలుతుంది.

చెక్కడం

రంపంతో, ఆకురాయితో, చిత్రికతో ముందు పెద్ద ముక్కలు దించండి. గ్రైండర్‌కి గరుకు డిస్క్ వేస్తే త్వరగా అవుతుంది గానీ ఒక్క క్షణం పరధ్యానంగా ఉన్నా గొయ్యి పడుతుంది. పొడవులో నాలుగైదు చోట్ల అడ్డకోత రూపాల్ని 3 మి.మీ. ప్లైలో లోపలి వంపుగా కోసుకుని పెట్టుకోండి. చెక్కుతూ వాటిని ప్లగ్ మీద కూర్చోబెట్టి చూడటమే. సగం రూపానికి మాత్రమే ఒక పలక కోసి, దాన్నే తిప్పి రెండో వైపు కూడా వాడండి. కుడికొకటి ఎడమకొకటి కోస్తే ఆ రెండిటి మధ్యే తేడా వస్తుంది.

ఎండీఎఫ్ దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో లోతుకి పోతుంది. మంచి డస్ట్ మాస్క్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు.

ఎక్కడా కాగితాన్ని వేళ్ళతో నేరుగా పట్టి రుద్దకండి. వేళ్ళ కింద నాలుగు కాలవలు పడతాయి, చెక్కగా ఉన్నప్పుడు కనిపించవు, మెరుపు వచ్చాక కనిపిస్తాయి. 300 మి.మీ. పొడవు, 70 మి.మీ. వెడల్పు ఉన్న 3 మి.మీ. ప్లై పట్టీకి 80 నంబరు కాగితం అతికించి, రెండు చివర్లా చిన్న పిడులు పెట్టుకోండి. అది వంపుకి తగ్గట్టు కొంచెం వంగుతుంది, గుంటల్లోకి మాత్రం దిగదు. ఏటవాలుగా ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి రుద్దండి. జిగురు గీత ఎండీఎఫ్ కన్నా గట్టిది కాబట్టి కాగితం కొత్తగా ఉండాలి. అరిగిన కాగితం మెత్తని చోటే తింటుంది, జిగురు గట్టులా మిగులుతుంది.

చెక్కని మూయడం

ఎండీఎఫ్ పలక ముఖం గట్టిగా, మెరుపుగా ఉంటుంది. కోసిన అంచు మాత్రం స్పాంజిలాంటిది. మన ప్లగ్ పైభాగమంతా కోసిన అంచే. దాన్ని మూయకుండా ప్రైమర్ వేస్తే ప్రైమర్ మొత్తం లోపలికి పోతుంది, వారం తర్వాత కుంగుతుంది.

నేను పలచటి ఎపాక్సీతో మూస్తాను. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చెక్క వేడెక్కేటప్పుడు రెజిన్ పూస్తే లోపలి గాలి వ్యాకోచించి బుడగలై పైకి వస్తుంది. చల్లబడేటప్పుడు పూస్తే ఆ గాలి ముడుచుకుని రెజిన్‌ని లోపలికి లాక్కుంటుంది. అందుకని ప్లగ్‌ని హెయిర్ డ్రయ్యర్‌తోనో ఎండలోనో గోరువెచ్చగా చేసి, వేడి తీసేశాక బ్రష్‌తో పూస్తాను. పూసిన ఐదు నిమిషాలకే కొన్నిచోట్ల మెరుపు పోయి పొడిగా కనిపిస్తుంది. అక్కడ ఇంకా దాహం ఉన్నట్టు. మళ్ళీ పూయండి. మెరుపు నిలబడే దాకా ఇస్తూనే ఉండండి. ఎపాక్సీని థిన్నర్‌తో పలచన చేయడం నాకు నచ్చదు. ఆ థిన్నర్ ఎక్కడో లోపల ఉండిపోయి తర్వాత కష్టపెడుతుంది.

కింద భాగం కూడా మూయండి. చాలామంది పైన నాలుగు కోట్లు వేసి అడుగు వదిలేస్తారు. తేమ అక్కడినుంచి వస్తుంది.

రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తర్వాత సబ్బు నీళ్ళతో, గరుకు స్క్రబ్బర్‌తో కడిగి తుడవండి. కొన్ని ఎపాక్సీలు గట్టిపడేటప్పుడు పైకి జిడ్డులాంటి పొర తేలుతుంది. అది ఉంటే పైన వేసే పాలిస్టర్ లప్పం సరిగా గట్టిపడదు. కడిగి ఆరాక 120 నంబరు కాగితంతో మెరుపంతా చంపండి.

లప్పం, ప్రైమర్, వెలుతురు

కారు బాడీకి వాడే పాలిస్టర్ లప్పం తీసుకోండి. హార్డెనర్ (గట్టిపరిచే మందు) 2 శాతం. రంగు ఒకే తీరుగా వచ్చేదాకా కలపాలి, చారలుంటే ఆ చారల దగ్గర మెత్తగా ఉండిపోతుంది. పలచగా రెండుసార్లు వేయడం మందంగా ఒకసారి వేయడం కన్నా మేలు.

ఎత్తుపల్లాలు కంటికి కనిపించేలా చేసే పని ఒకటుంది. నల్ల స్ప్రే డబ్బాతో దూరం నుంచి పొగలా పలచగా చల్లండి. ఆరాక పొడవాటి పట్టీతో రుద్దండి. మిట్ట మీద నలుపు వెంటనే పోతుంది, గుంటలో మిగిలిపోతుంది. మిగిలిన నల్ల మచ్చలే మీరు లప్పం పెట్టాల్సిన చోట్లు. ఇలా మూడు నాలుగు విడతలు చేస్తాను. మచ్చ పోగొట్టాలని ఆ ఒక్కచోటే గట్టిగా రుద్దాలనిపిస్తుంది. రుద్దితే గుంట ఇంకా పెద్దదవుతుంది, అంతే.

ఆ తర్వాత రెండు డబ్బాల్లో వచ్చి, వాడే ముందు కలుపుకునే పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్, మందంగా నిలిచే రకం, మూడు నాలుగు కోట్లు. కోటు కోటుకీ మధ్య డబ్బా మీద చెప్పినంత సేపు ఆగండి. అన్నీ అయ్యాక, వీలైతే వారం రోజులు, వెచ్చని చోట వదిలేయండి. లోపలున్న థిన్నర్ బయటికి పోయేకొద్దీ ప్రైమర్ కుంగుతుంది. ఆ కుంగుడు ఇప్పుడే జరిగిపోతే మంచిది. తొందరపడి మెరుగు పెట్టేస్తే పాత కాగితం గీతలు పది రోజుల తర్వాత మళ్ళీ తేలతాయి.

వాటర్ పేపర్ 320తో మొదలుపెట్టి 400, 600, 800, 1000 వరకు. ప్రతి నంబరుకీ రుద్దే దిక్కు మార్చండి, ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాయో లేదో తెలుస్తుంది. నంబరు మార్చేటప్పుడు నీళ్ళు మార్చండి. బకెట్ అడుగున చేరిన ఒక్క ముతక రేణువు చాలు, 1000 నంబరు పని మొత్తాన్ని గీకేయడానికి.

చూసే పద్ధతి కూడా ముఖ్యమే. గది చీకటి చేసి ఒక్క ట్యూబ్‌లైట్ పక్కనుంచి వెలిగించండి. ప్లగ్ మీద నీళ్ళతో తడి చేయండి. తడి మీద లైటు నీడ ఒక తెల్లటి గీతలా పడుతుంది. తల మెల్లగా కదిలిస్తే ఆ గీత ప్లగ్ పొడవునా పారుతుంది. బాగున్నచోట నీళ్ళలో పాము పోయినట్టు సాఫీగా పోతుంది. తప్పున్నచోట ఆగి వణుకుతుంది. వణికిన చోట పెన్సిల్‌తో చుట్టండి. తర్వాత కళ్ళు మూసుకుని, పలచటి నూలు గ్లవ్ వేసుకుని, అరచేత్తో నిమరండి. కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. నేను ఇప్పటికీ ప్రతి ప్లగ్‌కీ ఈ రెండూ చేస్తాను.

చివరగా రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు. అందులో సిలికోన్ లేదని చూసుకోండి. సిలికోన్ తగిలిన చోట జెల్‌కోట్ నిలవదు, చేప కళ్ళలా గుంటలు పడుతుంది.

ముక్క మీద పరీక్ష

ఇది దాటేయొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. ఒకసారి ప్రైమర్ మీద మెరుపు కోసం మామూలు స్ప్రే డబ్బా రంగు వేశాను. జెల్‌కోట్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకం ఆ రంగుని కరిగించింది. మోల్డ్ విప్పితే రంగు మొత్తం ముడతలు పడి మోల్డ్‌కి అతుక్కుని వచ్చింది. ప్లగ్ పోయింది, మోల్డ్ పోయింది, మూడు వారాల పని పోయింది. ఆ రోజు చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

అందుకే ప్లగ్‌తో పాటే ఒక జానెడు ఎండీఎఫ్ ముక్కకి కూడా అవే కోట్లు, కింద చెప్పబోయే అదే వ్యాక్స్ వేసుకుంటూ రండి. దాని మీద ముందు జెల్‌కోట్, ఒక పొర మ్యాట్ వేసి మర్నాడు ఊడదీయండి. శుభ్రంగా ఊడితేనే ప్లగ్ ముట్టుకోండి.

పీట, వ్యాక్స్, పీవీఏ

ప్లగ్‌ని లామినేట్ అతికించిన నున్నటి పీట మీద బిగించండి. చుట్టూ 60 మి.మీ. పీట బయటికి ఉండాలి, మోల్డ్ అంచు దాని మీదే తయారవుతుంది. ప్లగ్‌కీ పీటకీ మధ్య సందులో మైనం గానీ మోడలింగ్ క్లే గానీ కూరి, వేలితో నున్నగా లాగండి. ఆ సందులోకి జెల్‌కోట్ దిగితే అది మేకులా పట్టుకుంటుంది.

కార్నూబా అనే గట్టి మైనం ఉన్న రిలీజ్ వ్యాక్స్ (మోల్డ్ అతుక్కోకుండా రాసేది) కొత్త ప్లగ్‌కి ఆరు కోట్లు వేస్తాను. గుడ్డతో పలచగా రాసి, మసక తేలాక తుడిచి మెరిపించాలి. కోటుకీ కోటుకీ మధ్య గంట ఆగుతాను, చివరి కోటు తర్వాత రాత్రంతా. ఆగకుండా రాస్తే కొత్త కోటు పాత కోటుని కరిగించుకుని గుడ్డకి వచ్చేస్తుంది, ఆరు కోట్లు వేసినా ఒక కోటే మిగులుతుంది.

దాని మీద పీవీఏ. ఇది పాలీవినైల్ ఆల్కహాల్. తెల్ల జిగురుని కూడా పీవీఏ అనే అంటారు, కానీ అది పాలీవినైల్ ఎసిటేట్. ఒకటి ఊడదీసేది, ఇంకోటి అతికించేది, డబ్బా చదివి తీసుకోండి. స్ప్రే గన్‌తో ముందు మంచులా ఒక కోటు, అది ఆరాక ఇంకో రెండు. బ్రష్‌తో వేస్తే బ్రష్ గీతలు మోల్డ్‌లో పడతాయి. చాలా రకాలు ఆకుపచ్చగానో నీలంగానో ఉంటాయి కాబట్టి ఎక్కడ తప్పిపోయిందో రంగుని బట్టి తెలుస్తుంది. ఇక చేత్తో తాకకండి.

జెల్‌కోట్ మోల్డులకి వాడే టూలింగ్ రకం తీసుకోండి. రెండు కోట్లు కలిపి 0.5 నుంచి 0.8 మి.మీ. వేలు ఆనిస్తే జిగటగా ఉండాలి, వేలికి అంటకూడదు, అప్పుడు మొదటి పొర మ్యాట్. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) పలచటిది వేసి, గాలి బుడగ ఒక్కటి లేకుండా రోలర్ కొట్టి, గట్టిపడనివ్వండి. తర్వాత 450 జీఎస్ఎం పొరలు, ఒకేసారి రెండు మూడుకి మించకుండా. అన్నీ ఒకే రోజు వేసేస్తే వేడి పెరిగి మోల్డ్ వంకర తిరుగుతుంది, ప్లగ్ మీద ప్రైమర్ కూడా దెబ్బ తింటుంది. మోల్డ్ మందం పీసు మందానికి రెట్టింపైనా ఉండాలి.

రెజిన్‌కీ జెల్‌కోట్‌కీ కలిపే హార్డెనర్, అంటే ఎంఈకేపీ, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోండి. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడుగుతూ ఉండి, ఆసుపత్రికి వెళ్ళండి. కోబాల్ట్‌ని (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే మందు), ఎంఈకేపీని ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్. రెజిన్ వాసనకి దుమ్ము మాస్క్ పనిచేయదు, ఆవిర్లు పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి.

మోల్డ్‌ని ప్లగ్ మీదే నాలుగైదు రోజులు ఉంచండి. విప్పేటప్పుడు కొస పలచగా ఉండే ప్లాస్టిక్ వెడ్జ్‌లని అంచు చుట్టూ కొద్దికొద్దిగా దించుతూ, సందులో గోరువెచ్చటి నీళ్ళు పోయండి. పీవీఏ నీళ్ళకి కరుగుతుంది. ఒక్కచోటే బలం పెట్టకుండా చుట్టూ తిరుగుతూ ఉంటే, ఎక్కడో లోపల టక్కున శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చాక చేతులతో ఎత్తితే చాలు.

లోపల అంటుకున్న పీవీఏ పొరని నీళ్ళతో కడిగి, మోల్డ్‌ని ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఏటవాలుగా చూడండి. ప్లగ్ దెబ్బ తినకపోతే తుడిచి, వ్యాక్స్ రాసి, గుడ్డలో చుట్టి పొడి చోట దాచండి. మోల్డ్ పగిలిన రోజు మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళాల్సి వస్తుంది.